పన్నెండు సంపుటాలు, ఎనిమిది పేజీలు

మా బావ గురించి చెప్పమంటే చెప్తాను. ఒక్కటే షరతు, నేను క్లుప్తంగా చెప్తాను. ఆయన్నే అడిగారనుకోండి, సూర్యుడు ఎలా పుట్టాడో అక్కణ్ణించి మొదలెడతాడు. మీరు ఇల్లు చేరేసరికి మీ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి.

మా అక్క మొగుడాయన. బొమ్మల కథల మాసపత్రికలో ప్రూఫులు దిద్దుతాడు. అదే ఆఫీసులో, ఆయన బల్లకి రెండు బల్లల అవతల, కిటికీ పక్కన నేనుంటాను. బొమ్మలో మనిషి నోటి దగ్గర తెల్లటి బుడగ ఉంటుంది చూశారూ, దాంట్లో మాటలు రాసేది నేనే. చేత్తోనే రాస్తాను. కంప్యూటరు అక్షరాలు పెడితే మనుషులు కాకుండా మైకులు మాట్లాడినట్టుంటుందని మా సంపాదకుడి నమ్మకం. బుడగకి పాతిక మాటలు. అంతకు మించితే బొమ్మలో ఎవరి తలకాయో ఎగిరిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం తలకాయలు కాపాడటం.

బావని ఆఫీసులో అందరూ 'మహాగాథ' అంటారు, మొహం మీదే. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు. ఎవరి కథ దిద్దినా చివర్లో పెన్ను బల్ల మీద పడేసి, "ఇది కథా? తుమ్ము! ఇలా వచ్చి అలా పోయింది" అంటాడు. నాలుగు పేజీల కథ తుమ్ము. పన్నెండు పేజీలది దగ్గు. ఇరవై నాలుగు పేజీలొస్తే కాస్త శాంతించి, "సరే, జ్వరం దాకా వచ్చాడు" అంటాడు. మరి ఈయనగారి దగ్గరున్న జబ్బో? పన్నెండు సంపుటాలు.

ఆ పన్నెండు సంపుటాల కథ మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు, చివర తప్ప. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ఒక్క ఉత్తరం పట్టుకుని పోస్టుమాన్ బయల్దేరతాడు. దారి నలభై ఏళ్ళు. మీసం కూడా సరిగ్గా రాని వయసులో రాకెట్టు ఎక్కి, పళ్ళూడిపోయాక దిగుతాడు. దారిలో ఉత్తరం విప్పడానికి వీల్లేదు, అది వాడి ఉద్యోగ ధర్మం. దిగాక అడ్రసు వెతుక్కుని తలుపు కొడతాడు. ఒక ముసలావిడ తలుపు తీసి, ఉత్తరం అందుకుని, విప్పుతుంది. అంతే. అందులో ఏముందో బావ ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, అది మా అక్క కాపురం వయసు. అక్కది అద్దెకి పుస్తకాలిచ్చే షాపు. ఇప్పటికీ ఉంది, రోజుకి పదిమంది వస్తే గొప్ప. అక్కకో దురలవాటు. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదివేస్తుంది. "చివర బాగుంటేనే మధ్యలో వాళ్ళతో కష్టాలు పడతాను, లేకపోతే నాకేం పట్టింది" అంటుంది. అలాంటిదాని షాపుకి రోజూ సాయంత్రం ఒక బక్కపలచటి మనిషి వచ్చి, పుస్తకం తీసుకోకుండా, కౌంటరు మీద మోచేతులానించి పోస్టుమాన్ కథ చెప్పడం మొదలెట్టాడు. చివరి పేజీ తిప్పి చూడ్డానికి వీల్లేని కథ అక్కకి అదే మొదటిది. "ఉత్తరంలో ఏముందండీ?" అని అడిగింది. "అది పన్నెండో సంపుటంలో వస్తుంది" అన్నాడు. ఇంక చూసుకోండి. అది తెలుసుకోవడానికే ఆయన్ని కట్టుకుంది మహాతల్లి. నేనలా అంటే కొట్టొస్తుంది గానీ, కాదని మాత్రం ఇంతవరకూ అనలేదు.

పోనీ ఆ మనిషి రాశాడా అంటే, ఒక్క వాక్యం రాయలేదు. రాయడానికి తీరికేదీ పాపం, కథ ఎంత పొడవుండాలో తేల్చుకునే పనిలో మునిగి ఉన్నాడు. మొదట నవలన్నాడు. నవలలో రాకెట్టు కనపడదు కదా అని బొమ్మల పుస్తకమన్నాడు. బొమ్మల పుస్తకంలో పోస్టుమాన్ మనసు కనపడదు కదా అని మళ్ళీ నవలన్నాడు. దినపత్రికలో రోజుకి మూడు బొమ్మల చొప్పున వేస్తే ఎలా ఉంటుందని ఒక ఆదివారమంతా లెక్క కట్టాడు. తొంభై ఆరేళ్ళు పడుతుందని తేలింది. నేను పడీపడీ నవ్వాను. "నవ్వకు, నీ మునిమనవలు కూడా చదువుకుంటారు" అన్నాడు.

ఆ మధ్య ఫోన్లో వేలితో పైకి తోసుకుంటూ చదివే బొమ్మల కథలొచ్చాయి కదా, వాటిని చూసి పదిరోజులు భూమ్మీద నిలవలేదు. "దీనికి పేజీలే లేవు! ఎంత తోసినా అడుగు తగలని కథ!" అంటూ ఇల్లంతా తిరిగాడు. అక్క బట్టలు మడతపెడుతూ, "అడుగు లేకపోతే చివర ఎక్కడ పెడతారండీ?" అంది. బావ మొహం మాడ్చుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

బీరువా పై అరలో పన్నెండు నోటుపుస్తకాలుంటాయి. ఒక్కోదానికీ అట్ట, నంబరు, విషయసూచిక. విషయసూచిక ప్రకారం ఏడో సంపుటమంతా పోస్టల్ శాఖ నియమావళి. తొమ్మిదోది రాకెట్టు కిటికీలు తుడిచే విధానం. విషయసూచిక తర్వాత అన్నీ తెల్లకాగితాలే. వాటి మీద నెలకోసారి దుమ్ము దులిపేది మా అక్క.

ఈ ఏడాది మొదట్లో మా పత్రిక అంతరిక్ష ప్రత్యేక సంచిక వేసింది. అచ్చుకి పదిరోజులుందనగా సీరియల్ రాసే ఆయన చెయ్యిచ్చాడు. ఇక్కడ మీకు మా లోపలి సంగతి ఒకటి చెప్పాలి. మాది ముప్ఫై రెండు పేజీల పత్రిక. పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలు, అలాంటివి రెండు. అందుకని మా దగ్గర కథ ఎంత పొడవుండాలో చెప్పేది రచయితా కాదు, సంపాదకుడూ కాదు, కాగితం మడత. నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇలా నాలుగేసి చొప్పున, అంతే. తొమ్మిది పేజీల కళాఖండం తెచ్చారనుకోండి, మా మిషను మేస్త్రి ఎగాదిగా చూసి, "ఆ తొమ్మిదోది నీ వీపుకి అంటించమంటావా?" అని అడుగుతాడు. సాహిత్యం మీద ఇన్ని సభలు జరుగుతాయి, ఒక్కదానికీ ఆయన్ని పిలవరు.

సరే, చివరి ఎనిమిది పేజీలు, ఇరవై అయిదు నుంచి ముప్ఫై రెండు దాకా, ఖాళీగా నోరు తెరుచుకుని కూర్చున్నాయి. సంపాదకుడు బావ బల్ల దగ్గరికి వచ్చి, "మహాగాథగారూ, మీ పోస్టుమాన్ని ఇందులో దింపగలరా?" అన్నాడు.

"ఎనిమిదా!" అన్నాడు బావ. కరెంటు షాకు కొట్టినట్టు లేచాడు. "ఎనిమిది పేజీల్లో మావాడు బూట్లు కూడా తొడుక్కోలేడండీ."

"అయితే బూట్లు లేకుండానే పంపండి."

ఆ సాయంత్రం షాపుకెళ్ళి అక్కకి చెప్పాను. చేతిలో పుస్తకం కింద పెట్టి, నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "ఎనిమిది పేజీలంటే ఎనిమిదో పేజీలో ఉత్తరం విప్పాల్సిందేగా? తప్పించుకోడానికి లేదుగా?" అంది. నలభై ఏడేళ్ళ మనిషి, మొహం ఇంత చేసుకుని నవ్వింది. ఇంటికొచ్చాక బావతో, "నాకు ముందు చెప్పకండి, పత్రికలోనే చదువుకుంటాను. కానీ రాయండి. ఇరవై రెండేళ్ళలో నేను మిమ్మల్ని అడిగింది అదొక్కటే" అంది. నిజమే, ఇంకేదీ అడిగిన మనిషి కాదు. బావ తలూపాడు.

మొదటి బొమ్మకి ఆయన ఇచ్చిన మాటలు నాలుగు వందల పన్నెండు. గ్రహం ఎలా చల్లబడిందో వివరం. ఒళ్ళు మండి, ఎలా ఇచ్చాడో అలాగే రాసి చూపించాను. బుడగ బొమ్మంతా ఆక్రమించి, పోస్టుమాన్ ఎడమ బూటు ఒక్కటే మిగిలింది. మా బొమ్మలాయన ఆ బూటు చూసి, "రెండ్రోజులు కూర్చుని మొహం గీశానమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు.

"బావా, పాతిక మాటలు" అన్నాను.

"పాతిక మాటల్లో గ్రహం చల్లబడదే!"

"చల్లబడకపోతే వేడివేడిగానే ఉండనీ."

రోజూ ఇదే యుద్ధం. బావ ఒక్కో వాక్యానికీ అంత్యక్రియలు చేసినంత బాధపడ్డాడు. కానీ ఉన్నమాట చెప్పొద్దూ, కోత పడేకొద్దీ కథకి ప్రాణం వచ్చింది. నాలుగో పేజీలో నాలుగే బొమ్మలు. అదే కిటికీ, అదే సీటు, అదే సంచీ. గడ్డం మాత్రం పెరుగుతుంది, నెరుస్తుంది. ఒక్క మాట లేదు. ఆరు సంపుటాలు ఆ నాలుగు బొమ్మల్లో కలిసిపోయాయి. ఆ పేజీ నా బల్ల మీదకి వచ్చినప్పుడు బావ పక్కనే నిలబడి చాలాసేపు చూశాడు. "మరదలా, ఇది నేనేనా చేసింది?" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

ముప్ఫై ఒకటో పేజీ చివరి బొమ్మలో ముసలావిడ కవరు చింపుతుంది. అది కుడిచేతి పేజీ. తిప్పితే ముప్ఫై రెండు, పేజీ నిండా ఉత్తరం. బొమ్మల కథల్లో ఆశ్చర్యం ఎప్పుడూ పేజీ తిప్పాకే తగలాలి, పక్కపేజీలో పెడితే కన్ను ముందే దొంగతనంగా చూసేస్తుంది. బొమ్మలాయన ప్రాణం పెట్టి గీశాడు: రెండు ముసలి చేతులు, మధ్యలో విప్పిన కాగితం. కాగితం ఖాళీ. అందులో రాయాల్సింది నేను.

"బావా, ఉత్తరంలో మాటలు?" అన్నాను.

"రేపిస్తాను."

రేపు అడిగితే ఎల్లుండి. ఎల్లుండి అడిగితే తలనొప్పి. అచ్చుకి వెళ్ళే రోజు పొద్దున పెన్ను పట్టుకుని ఆయన బల్ల ముందే నిలబడ్డాను. "ఇప్పుడు చెప్తే ఇప్పుడు రాస్తాను. చెప్పు" అన్నాను. కళ్ళజోడు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

సరిగ్గా అప్పుడే మా ప్రకటనలు చూసే ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. బట్టల సబ్బు వాళ్ళకి ఫుల్ పేజీ కావాలట, ఈ సంచికలోనే కావాలట. "ఇప్పుడు ఎవరి పేజీ పీకను?" అని సంపాదకుడు తల పట్టుకున్నాడు.

బావ లేచాడు. "నా చివరి పేజీ తీసేయండి" అన్నాడు.

"ఎంత త్యాగమండీ!" అని సంపాదకుడు ఆయన్ని వాటేసుకున్నాడు. నేను నోరెళ్ళబెట్టి ఆ భుజం మీంచి బావ మొహం చూశాను. త్యాగం చేసినవాడి మొహం అలా ఉండదు. పరీక్ష వాయిదా పడ్డ పిల్లాడి మొహం అది. నాకు అంతా అర్థమైపోయింది. అక్కడే కడిగేయాల్సింది. అక్కకి తెలిస్తే ఏమైపోతుందోనని నోరు నొక్కుకున్నాను. తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటాను. ఆ ఎనిమిదో పేజీ చుట్టి ఇంటికి పట్టుకుపోయాను.

సంచిక వచ్చిన రోజు అక్క ఆఫీసు కాపీ వద్దంది. బజారుకి నడిచి వెళ్ళి తనే కొనుక్కుంది. షాపు తలుపు సగం దించి, ఈ ఒక్కసారికి అలవాటు మానుకుని, ఇరవై అయిదో పేజీ నుంచి వరసగా చదివింది. నేను ఎదురుగా కూర్చుని, చెప్పేద్దామని నోరు తెరవడం, మూయడం. గడ్డం పెరిగే పేజీ దగ్గర అక్క పమిటతో కళ్ళొత్తుకుంది. ముప్ఫై ఒకటి చదివింది. పేజీ తిప్పింది.

నీలంరంగు సబ్బు. పక్కన ఒకావిడ తెల్లచొక్కా పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎంత పాత మరకైనా ఒక్క ఉతుకులో మాయమట.

అక్క ముందుకి తిప్పింది. వెనక్కి తిప్పింది. రెండు పేజీలు అతుక్కుపోయాయేమోనని గోటితో గీకి చూసింది. "ఇదేనా?" అంది.

"ప్రకటన పడిందక్కా, పేజీ పోయింది" అన్నాను చివరికి. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇక్కణ్ణించి లోకం తమాషా చూడండి. వారం తిరక్కుండా పాఠకుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. "నలభై ఏళ్ళు ప్రయాణించి తెచ్చింది సబ్బు ప్రకటనా! ఈ కాలం చెంప ఛెళ్ళుమనిపించారు!" అని ఒకరు. "చివరి పేజీ చూసి రెండ్రోజులు నిద్రపోలేదు" అని ఇంకొకరు. ఒక కాలేజీ లెక్చరరు 'సబ్బుబిళ్ళలో శూన్యం' అని పదకొండు పేజీల వ్యాసం పంపాడు, కథ కంటే పొడుగు. ఆ సబ్బు నురగని విశ్వంతో పోల్చాడు మహానుభావుడు. మా సంపాదకుడు ఇకనుంచి ప్రతి విషాద కథ చివరా ఒక సబ్బో నూనో పడేలా చూడమని ప్రకటనలాయనకి చెప్పాడు.

బావ మొదటి వారం సిగ్గుపడ్డాడు. రెండో వారం, "అలా అనిపించిందా మీకు?" అని లేత నవ్వొకటి నవ్వాడు. మూడో వారం, "అది కావాలనే చేశాను" అన్నాడు. నాలుగో వారానికి ఆ మాట తనే నమ్మేశాడు. ఎదురుగా నేనున్నానన్న జంకు కూడా లేదు!

లైబ్రరీ హాల్లో సభ పెట్టారు. ఎనిమిది పేజీల కథ మీద బావ గంటన్నర మాట్లాడాడు. "క్లుప్తతే కళ. సంపుటాలు సంపుటాలు రాసేవాళ్ళకి చెప్పడానికేమీ ఉండదు" అన్నాడు. నాకు కుర్చీ ఎత్తి విసరాలనిపించింది. ప్రశ్నలడగమన్నారు. వెనక వరసలోంచి మా అక్క లేచింది.

"అసలు ఆ ఉత్తరంలో ఏముందండీ?"

హాలంతా గొల్లుమంది. పెళ్ళాం మొగుణ్ణి ఆటపట్టిస్తోందనుకున్నారు. బావ గొంతు సవరించుకుని, మైకులో, "అది పాఠకుల ఊహకే వదిలేశాను" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అక్క కూర్చుంది. పక్కనే ఉన్నాను కదా, చూశాను, తను చప్పట్లు కొట్టలేదు.

బయటికొచ్చాక, "మాటలు రాసేది నువ్వేగా. ఆ పేజీ నీ దగ్గరికే రావాలి. ఏం రాశావు?" అని అడిగింది.

ఇంక దాచలేకపోయాను. "ఏమీ రాయలేదక్కా. ఆయన ఇవ్వలేదు. ఆ పేజీ సబ్బు వాళ్ళకి ఇచ్చేసింది కూడా ఆయనే."

అక్క ఫుట్‌పాత్ మీద ఆగిపోయింది. జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. "రేపు ఆ పేజీ పట్టుకుని ఇంటికి రా" అంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి బావ బల్ల ముందు కూర్చుని పదమూడో నోటుపుస్తకానికి అట్ట వేస్తున్నాడు. ఇప్పుడు ఒక్క బొమ్మలో ముగిసే కథలు రాస్తాడట. అక్క ఆ నోటుపుస్తకం తీసి పక్కన పెట్టి, ఎనిమిదో పేజీ ఆయన ముందు పరిచి, పెన్ను చేతిలో పెట్టింది.

"రాయండి" అంది.

బావ నావైపు చూశాడు. "నన్నెందుకు చూస్తావు బావా, కాగితం అక్కడుంది" అన్నాను.

"అది కాదే, నీకు తెలీదు, ఆ శూన్యంలోనే..."

"శూన్యం సంగతి ఆ లెక్చరరుగారితో చెప్పుకోండి. నాకు ఉత్తరం కావాలి."

పెన్ను పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు. ఫ్యాను గాలికి కాగితం మూల లేస్తోంది, అక్క వేలితో నొక్కి పట్టుకుంది. చివరికి పెన్ను పెట్టేసి, "నాకు తెలీదు" అన్నాడు.

"ఏమిటీ?"

"అందులో ఏముందో నాకు తెలీదే. ఎప్పుడూ తెలీదు. ఆ రోజు కౌంటరు అవతల నుంచి నువ్వడిగావు. తెలీదంటే మర్నాటి నుంచి వినవేమోనని భయమేసి, పన్నెండో సంపుటమన్నాను. మధ్యలో పదకొండు సంపుటాలు అడ్డం పెట్టుకుంటే ఆ రోజు రాదనుకున్నాను. వచ్చేసింది."

నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ళు మా అక్కని ఒక ఖాళీ కవరు ముందు కూర్చోబెట్టాడా ఈ పెద్దమనిషి! కానీ తిట్టాల్సింది నేను కాదు కదా. అక్క తిడుతుందని చూశాను. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే ఇద్దరం కలిసి ఆలోచించేవాళ్ళం కదండీ" అంది. ఏడుస్తూనే అంది.

అక్క బల్ల మీది పెన్సిల్ తీసుకుని, ఆ పేజీ అంచున మెల్లగా రాసింది. రాసింది ఇటు తిప్పితే నేను చదివాను.

"ఈ ఉత్తరం తెచ్చినతను చాలా దూరం నుంచి వస్తున్నాడు. ఏం తెచ్చావని అడక్కండి. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, భోజనం పెట్టండి."

బావ అది రెండుసార్లు చదివాడు. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చాడు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆగలేదు. అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కొంతసేపటికి మొహం తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "చాలా బాగుందే" అన్నాడు. "దీనికి ముందు ఆ ఉత్తరం రాసిన మనిషి బాల్యం కాస్త పెడితే... ఎంతో కాదు, ఒక రెండు సంపుటాలు..."

"నోర్ముయ్యండి" అంది మా అక్క. ఇరవై రెండేళ్ళలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. బావ టక్కున నోరు మూశాడు.

అక్క పేజీ నావైపు తోసి, "నువ్వు రాసెయ్యవే" అంది. సంచీలోంచి ఇంకు సీసా తీసి మూత విప్పాను. రాయడం అయ్యేదాకా బావ నా పక్కనే నిలబడ్డాడు, ఒక్క మాట కూడా కలపమనలేదు.